రాజమహేంద్రవరంలో రెండు రోజులు: హారతి, పడవ కాక ఇంకేమి చూడాలి?

ముక్తేశ్వరం రేవు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి పుణె నుంచి మా తమ్ముడు, మరదలు, వారి ఇద్దరు పిల్లలు వస్తున్నారు. మేనకోడలు పదవ తరగతి, మేనల్లుడు ఏడవ తరగతి చదువుతున్నారు. కనుమ వెళ్ళిన తరువాత రెండు రోజులు అందరం కలిసి రాజమహేంద్రవరం వెళ్ళాలని అనుకుంటున్నాము. మేనకోడలికి బడిలో ఒక పని అప్పగించారట. అనేక మతాలవారు, భాషలవారు కలిసి తీర్చిన పాత నగరాన్ని ఒకదానిని స్వయంగా చూసి వ్రాయాలి. తోటి పిల్లలు ఢిల్లీ, హైదరాబాదు, కొచ్చి ఎంచుకున్నారు. "అత్తా, మన వైపు అటువంటి ఊరు లేదా?" అని అది ఫోనులో అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. నలభై ఏళ్ళుగా పెళ్ళి బట్టలకనీ, వైద్యానికనీ, పుష్కర స్నానానికనీ రాజమండ్రి వెళుతూనే ఉన్నాను గాని, ఆ ఊరిని చూడడానికని ఒక్కసారి కూడా వెళ్ళలేదన్న సంగతి అప్పుడే తట్టింది.

ఎవరిని అడిగినా సాయంత్రం హారతి, మరునాడు పాపికొండల పడవ అంటున్నారు. అవి వద్దని కాదు, అవి ఎలాగూ ఉంటాయి. నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి వలన మెట్లు ఎక్కలేరు, గాని ఇంట్లో ఉండిపొమ్మంటే ఒప్పుకోరు. ఏ వరుసలో ఏమి చూపిస్తే ఆ ఊరు ఎందరి చేతుల మీదుగా వచ్చిందో పిల్లలకు తెలుస్తుంది? మసీదుకు వెళ్ళేటప్పుడు పాటించవలసిన మర్యాదలు కూడా తెలిసినవారు చెప్పగలరు.

కందకం పాతకాపు

అమ్మా, ముందే ఒక మాట చెబుతాను, నిరుత్సాహపడకండి. మా ఊరిలో గోలకొండ వంటి కోట లేదు, చార్మినారు వంటి కట్టడమూ లేదు. వేయేళ్ళ ఊరని చెప్పుకుంటాము గాని, వచ్చినవారికి వేలెత్తి చూపడానికి కంటికి ఆనేది తక్కువ. ఇక్కడ కోట ఉండేది. చాళుక్యుల తరువాత రెడ్డిరాజులు, గజపతులు, గోలకొండ పాదుషాల అధికారులు దానిని ఏలారు. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను, అంటే ఈ కోస్తా సీమను, ఫ్రెంచివారికి ఇచ్చినప్పుడు వారి సేనాని బుస్సీ దొర ఇక్కడ మకాం పెట్టాడు. అయిదేళ్ళకే, 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి ఇంగ్లీషువారు వచ్చారు. ఇంతమంది చేతులు మారిన కోటకు మిగిలినవి రెండు పేర్లు. కోటగుమ్మం కూడలిలో నిలబడి గుమ్మం కోసం వెదికితే ఆటోలు, దుకాణాలు, రోజ్‌మిల్క్ కోసం గుమిగూడిన జనం కనబడతారు. కందకం రోడ్డులో కందకం కనబడదు.

అందువలన నా సలహా ఏమిటంటే, పిల్లలను ముందు కట్టడాల దగ్గరకు కాక పేటల పేర్ల దగ్గరకు తీసుకువెళ్ళండి. ఇన్నీసుపేట అంటే తెలుగు పేట, దాని ముందు ఒక దొర పేరు. లాలాచెరువు, జాంపేట, సీతంపేట, ఆర్యాపురం అని ఆటోలో కూర్చుని బోర్డులు చదివించుకుంటూ పోతే, కూడబలుక్కునే పిల్లలకు చదువూ అవుతుంది, ఊరూ తెలుస్తుంది. నాన్నగారు ఆటో దిగవలసిన పని కూడా ఉండదు.

శాసనప్రియ

పాతకాపు గారు కోట దగ్గర ప్రారంభించారు గనుక, దానికి ముందరి సంగతి నేను చెబుతాను. రాజమహేంద్రవరం అనగానే అందరికీ రాజరాజ నరేంద్రుడు గుర్తుకు వస్తాడు. ఆయన పట్టాభిషేకం 1022 ఆగస్టులో జరిగింది. ఊరికి పేరు ఆయన వలన వచ్చిందని చాలామంది చెబుతారు గాని, రాజమహేంద్ర అనే బిరుదు ఆయనకు వందేళ్ళ ముందరి చాళుక్య రాజు మొదటి అమ్మరాజుకు ఉండేది. పేరు ఆ అమ్మరాజు నాటిదే అయి ఉంటుందన్న వాదానికి బలం ఎక్కువ.

మీ మేనకోడలి ప్రశ్నకు నేరుగా సంబంధించిన విషయం మరొకటి ఉంది. అనేక సంస్కృతుల కలయిక అంటే మనం తురుష్కులు వచ్చిన తరువాతి కథగానే భావిస్తాము. కాని రాజరాజు తల్లి కుందవ్వ తమిళనాట చోళ రాజరాజు కుమార్తె, భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కుమార్తె. వారి కొడుకు 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనమే ఎక్కాడు. అంటే మనం అచ్చ తెలుగు దర్బారని పొంగిపోయే ఆ కొలువులో అంతఃపురపు మాట తమిళమై ఉండాలి. అక్కడ నన్నయ భారతాన్ని తెలుగు చేస్తుంటే చేదోడుగా ఉన్న నారాయణభట్టు సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు భాషలలో కవి అని 1053 నాటి నందంపూడి శాసనం చెబుతున్నది. ఆ శాసనాన్ని రచించినది నన్నయే. నందంపూడి మీ కోనసీమలోనే అంబాజీపేట దగ్గర ఉన్నది. మీరు ఎన్నిసార్లు ఆ దారిన పోయి ఉంటారో.

జైనం సంగతి కూడా మరువకూడదు. రెండవ అమ్మరాజు 10వ శతాబ్దంలో కలుచుంబర్రు అనే గ్రామాన్ని ఒక జినాలయానికి దానమిచ్చాడు. అత్తిలి ప్రాంతపు ఆ దానానికి పూనుకున్నది చామెకాంబ అనే స్త్రీ. శివుడికి గుళ్ళు కట్టించిన వంశమే జైనుల ఆలయానికీ ఊరు ఇచ్చింది. ఈ వివరాలకు రాళ్ళబండి సుబ్బారావు గారి పేరు మీద ఉన్న మ్యూజియంకు వెళ్ళండి. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో ఈ ఊరిలోనే ఏర్పడింది. ఆనాటి పరిశోధకుల శ్రమ ఫలితం ఆ మ్యూజియం. అక్కడి విగ్రహాల ముందు ఒక గంట గడిపితే చాలు.

పెద్దమసీదు వీధి

అమ్మగారూ, మసీదు చూడాలనుకోవడం సంతోషం. మెయిన్ రోడ్డు మీద మా అంగడికి కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. ద్వారం మీద పారసీ భాషలో చెక్కిన శాసనం ఉంది. 724వ హిజ్రీ సంవత్సరం రంజాను నెలలో, అంటే 1324 సెప్టెంబరులో, సాలార్ ఉల్వీ అనే ఆయన దానిని నెలకొల్పినట్టు అందులో ఉంది. ఓరుగల్లు 1323లో పడిపోయింది. దానిని పట్టుకున్న ఉలుగ్ ఖాను, అంటే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయిన యువరాజు పేరు కూడా ఆ శాసనంలో వస్తుంది. కాకతీయుల రాజ్యం ముగిసిన మరుసటి సంవత్సరమే గోదావరి ఒడ్డున ఢిల్లీ వారి రాత వెలిసిందన్నమాట. పదవ తరగతి పాఠంలో చదివిన తేదీలు మన ఊరి రాయి మీద కనబడితే పిల్లలకు గుర్తుండిపోతుంది.

మర్యాదల విషయం. శుక్రవారం మధ్యాహ్నం రావద్దు, మిగిలిన రోజులలోనూ నమాజు వేళ తప్పించండి. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య అయితే ప్రశాంతంగా ఉంటుంది. చెప్పులు బయట విడవడం మీకు తెలిసినదే. తల మీద చున్నీ గాని కొంగు గాని ఉంటే మంచిది. లోపలి హాలులోకి ఆడవారు వెళ్ళవచ్చునా అన్నది అక్కడ ఉన్న పెద్దలను అడిగిన తరువాతనే చేయండి. శాసనం చూడడానికి లోపలి వరకు రానక్కరలేదు. ఫోటోలకు ముందు ఒక మాట అడిగితే కాదనేవారు ఉండరు.

గట్టు మీది మాట

ఒక విషయం అందరూ పక్కన పెడుతున్నారు. ఆ మసీదు ఉన్నచోట అంతకు ముందు వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదని ఊరిలో తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. అది చెప్పకుండా పిల్లలకు శాసనం ఒక్కటే చూపించి "ఎంత చక్కని కలయిక" అని ఇంటికి తీసుకువెళితే అది సగం చరిత్రే అవుతుంది. నేను ఎవరినీ నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. పిల్లలకు తియ్యటి కథ చెప్పి పెంచడం, పెద్దయ్యాక వారు మరెక్కడో చేదు కథ విని అదే నిజమనుకోవడం నేను మా ఇంట్లోనే చూశాను.

శాసనప్రియ

గట్టు మీది మాట గారూ, మీరు చెప్పవలసినదే చెప్పారు. చెప్పే తీరు గురించి మాత్రం నాదొక విన్నపం. ఆనాటి యుద్ధంలో గెలిచినవారు ఏమి చేశారన్నది ఒక సంగతి. ఆ తరువాత ఏడు వందల ఏళ్ళుగా ఆ వీధిలో బతికినవారు ఒకరితో ఒకరు ఎలా ఉన్నారన్నది మరొక సంగతి. మొదటిది ఒక్క సంవత్సరపు కథ, రెండవది ఇరవై ఎనిమిది తరాల కథ. ఆ రెండింటినీ ఒకదాని కింద ఒకటి దాచకుండా విడివిడిగా చెప్పవచ్చు. ఒడ్డు మారినవారూ, ఓడినవారూ, గెలిచినవారూ అందరూ ఈ ఊరిలో ఉన్నారు. గజపతులు, కృష్ణదేవరాయలు, గోలకొండ సైన్యం వచ్చినప్పుడు కూడా ఈ ఊరు యుద్ధం చూసింది. అప్పుడు కొట్టినవారూ, దెబ్బ తిన్నవారూ ఎప్పుడూ మతాల వారీగా విడిపోలేదు.

పెద్దమసీదు వీధి

ఇందులో దాచవలసినది ఏమీ లేదండీ. ఆ మాట నేను చిన్నప్పుడు మా తాతగారి నోటనే విన్నాను. పక్క అంగడి కోమటి సెట్టిగారూ, మా తాతగారూ ఈ విషయం మీద ఎన్నిసార్లు వాదించుకున్నారో లెక్క లేదు. వాదన అయిన తరువాత ఒకరి గల్లా పెట్టె తాళం మరొకరికి అప్పగించి భోజనానికి వెళ్ళేవారు. అమ్మగారూ, పిల్లలకు రెండూ చెప్పండి. వారు నన్ను అడిగితే నేనూ చెబుతాను.

ధవళేశ్వరం లాకులు

ఇప్పటివరకు అందరూ రాజులు, కోటలు అంటున్నారు. ఈ డెల్టాను డెల్టాగా చేసినది ఆనకట్ట. అది చూడకుండా రాజమహేంద్రవరం చూశామనడం నాకు సమ్మతం కాదు. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832–33 నాటిది, జనాన్ని ఎలా తుడిచిపెట్టిందో మా ముత్తాతల మాటలలో ఉండేది. 1839 నవంబరులో కోరంగి దగ్గర తుఫాను ఉప్పెన వచ్చి మిగిలినది ముంచింది. నది పక్కనే ఉండి, పొలం ఎండి, లేదా మునిగి చచ్చిపోవలసిన ఆ దుస్థితిలో సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేశాడు. ఇప్పుడు మనం దాటుతున్న బ్యారేజీ ఆయనది కాదు, ఆ పాత కట్ట పక్కన గత శతాబ్దంలో కట్టినది.

మీ పిల్లలు వ్రాయదగిన విషయం ఇక్కడ ఒకటి ఉన్నది. కాటన్ నిష్ఠ గల క్రైస్తవుడు. అయినా డెల్టాలో ఊరూరా ఆయన విగ్రహానికి రైతులు పూలమాల వేస్తారు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం చెప్పే పురోహితులు ఇప్పటికీ ఉన్నారు. ఒక ఇంగ్లీషు ఇంజనీరు పేరు వైదిక సంకల్పంలోకి చేరిన తావు దేశంలో మరెక్కడైనా ఉంటే నాకు చెప్పండి. కాటన్ మ్యూజియం ధవళేశ్వరంలోనే ఉంది. చదునైన స్థలమే గనుక మీ నాన్నగారికి ఇబ్బంది ఉండదు. బయట చెట్ల నీడలో కూర్చోవచ్చు.

చర్చి గంట

కాటన్ వెనుకనే మిషనరీల కథ కూడా ఉంది గనుక చెబుతున్నాను. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు యువకులు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషను అనే పేరు అక్కడిదే. రాజమహేంద్రవరానికి 1840లలో ఉత్తర జర్మనీ నుంచి లూథరన్లు వచ్చారు, తరువాత అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. ఇక్కడి లూథరన్ చర్చికి ఆదివారం ఆరాధన అయిన తరువాత వెళితే పెద్దలు నిలబడి మాట్లాడతారు. జర్మనీ రాగాలకు తెలుగు మాటలు కూర్చిన కీర్తనలు ఒకవైపు, మన భజన దరువులో పాడే పాటలు మరొకవైపు వినవచ్చు. క్రైస్తవం ఇక్కడికి దొరల మతంగా వచ్చింది, నిజమే. ఎక్కువమంది దానిని స్వీకరించినది మాత్రం ఊరి చివర ఉంచబడినవారు, అదీ తమ కారణాల వలన, తమ లెక్క ప్రకారం. అది చెప్పకపోతే పిల్లలు ఈ ఊరిని రాజులదిగానే అనుకుంటారు.

నరసాపురం లేసు కూడా 19వ శతాబ్దంలో మిషనరీ దంపతులు నేర్పినదే. ఇప్పుడు ఆ సూది పట్టే ఇళ్ళు అన్ని కులాలవి, అన్ని మతాలవి. మా అమ్మగారు ఆ పనితోనే నా చదువు గడిపారు.

గౌతమి

వీరేశలింగం గారిని ఎవరూ తలచకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఇది ఆయన పుట్టిన ఊరు, జన్మించినది 1848లో. 1881 డిసెంబరు 11న ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహం జరిపించినది ఈ ఊరిలోనే. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. బ్రహ్మసమాజం భావాలు బెంగాలు నుంచి ఇక్కడికి వచ్చి, ఈ ఊరి పంతులు గారి చేత ఊరి ఛాందసం మీద కర్ర ఎత్తించాయి. పెళ్ళికి ఎదురు నిలిచినవారూ ఈ వీధులవారే, రహస్యంగా సహాయపడినవారూ ఈ వీధులవారే. మా నాయనమ్మ ఆ ఇంటి ముందు నుంచి వెళితే ఒక్క నిమిషం నిలబడేది. ఆమె పదకొండవ ఏట వితంతువై, తరువాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మాయిని ఆ ఇంటికి తప్పక తీసుకువెళ్ళండి.

కోటిపల్లి పంటు

దారి గురించి నేను చెబుతాను. మీరు ముక్తేశ్వరం నుంచి వస్తున్నారు గనుక రావులపాలెం మీదుగా హైవే పట్టుకోవద్దు. పంటు, అంటే కార్లను కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి గౌతమి పాయ దాటి కోటిపల్లి దిగండి. సోమేశ్వరుని దర్శించుకుని ద్రాక్షారామం వెళ్ళండి, అక్కడి నుంచి రామచంద్రపురం, కడియం మీదుగా రాజమహేంద్రవరం చేరవచ్చు. పిల్లలు పంటు మీద కారుతో సహా నది దాటితే ఆ ఒక్క విషయమే ఏడాది చెప్పుకుంటారు.

ద్రాక్షారామంలో భీమేశ్వర ఆలయం చాళుక్య భీముని కాలానిదని చెబుతారు. ఆయన పాలన 9వ శతాబ్దం చివర ప్రారంభమైంది. పంచారామాలలో ఇది ఒకటి. ఆరామం అన్న మాటకు బౌద్ధ భిక్షువుల నివాసం అనే అర్థం కూడా ఉన్నందువలన ఇవి ఒకప్పుడు బౌద్ధ స్థలాలని కొందరు చరిత్రకారులు అంటారు, కొందరు కాదంటారు. ప్రాకారం చుట్టూ, స్తంభాల మీద వందలాది శాసనాలు ఉన్నాయి. ఎక్కువ భాగం దీపానికి నెయ్యి కోసం ఇచ్చిన మేకల, గొర్రెల లెక్కలు, దానం చేసినవారి పేర్లు. రాజులవే కాదు, వ్యాపారులవీ, గుడిలో ఆడిపాడే గుడిసానులవీ ఉన్నాయి. అదే ఊరిలో దర్గా కూడా ఉంది. ఉరుసుకు హిందువులే ఎక్కువమంది వస్తారని మేము సరదాగా అంటాము.

యానాం మంగళవారం

మా యానాంను ఎవరూ అడగడం లేదు! ఫ్రెంచివారు 1723లో వర్తకానికి అడుగుపెట్టిన ఊరు. 1954లో భారతదేశంలో కలిసింది. 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, మీసాల వేంకటేశ్వరుడు ఉన్నాడు. బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం తప్పించుకోవడానికి, ఇంగ్లీషువారి పాలనలోని ఊళ్ళ నుంచి ఆ పెళ్ళిళ్ళు చేసుకోవడానికి మా ఊరు వచ్చేవారు. సంస్కృతుల కలయికలో అది కూడా ఒక అధ్యాయమే. ఒక పూట కేటాయించండి.

ముక్తేశ్వరం రేవు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. యానాం సభ్యులు క్షమించాలి, రెండు రోజులలో మీ ఊరు ఇమడదు. పిఠాపురం గురించి, తెలుగులో కావ్యాలు వ్రాసిన ఉమర్ ఆలీషా గారి పీఠం గురించి ఒకరు విడిగా సందేశం పంపారు. అదీ ఇంకొకసారికే. పంటు దారినే వెళుతున్నాము. తిరిగి వచ్చిన తరువాత వ్రాస్తాను.

ముక్తేశ్వరం రేవు (పది రోజుల తరువాత)

వెళ్ళివచ్చాము. అనుకున్నది అనుకున్నట్టు జరగలేదని ముందే చెప్పేస్తాను. మొదటి రోజు ద్రాక్షారామంలోనే మధ్యాహ్నం అయిపోయింది. రెండవ రోజు ఒకచోటికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. ఎందుకో చెప్పేవారు కూడా లేరు. హారతి రాత్రి చాలా రద్దీ, నాన్నగారిని కింద మెట్ల వరకు తీసుకువెళ్ళలేకపోయాము. ఆయన గట్టు మీదనే కుర్చీ వేయించుకుని చూశారు, తృప్తిగానే చూశారు. మా మరదలికి ఆ లౌడు స్పీకర్లు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. తరువాత దూరాన హావ్‌లాక్ వంతెన మీద దీపాలు చూస్తూ కూర్చున్న ఆ అరగంట బాగుంది. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అని నాన్నగారు పిల్లలకు చెప్పారు. తాను ఉద్యోగంలో చేరడానికి దాని మీదనే వెళ్ళారట. ఆ సంగతి నాకు కూడా కొత్తే.

ద్రాక్షారామంలో మేనకోడలు స్తంభం ముందు నిలబడి, "ఇది తెలుగేనా అత్తా?" అని అడిగింది. తెలుగే. నేను రెండు అక్షరాలు కూడా పోల్చుకోలేకపోయాను, తెలుగులో ఎం.ఏ. చదివిన మా తమ్ముడూ చదవలేకపోయాడు. అర్చకులను అడిగితే తమకూ రాదని నవ్వారు. మరునాడు ఉదయం మసీదుకు వెళ్ళినప్పుడు పెద్దమసీదు వీధి గారు స్వయంగా వచ్చి మమ్మల్ని పరిచయం చేశారు. అక్కడి పెద్దాయన ఒకరు ద్వారం మీది శాసనం చూపించి సంవత్సరం చెప్పారు. చదవమని మేనల్లుడు అడిగితే, తనకు ఖురాను అరబ్బీ వచ్చు గాని పారసీ రాదని ఆయనా నవ్వారు. పుణెలో ఉర్దూ బోర్డులు చూసిన మా వాడు మాత్రం వేలితో గాలిలో రాస్తూ "అలిఫ్, లామ్" అని రెండు అక్షరాలు పట్టుకున్నాడు. వాడి ముఖం చూడవలసింది. మేనకోడలు తన పుస్తకంలో వ్రాసుకున్న మొదటి వాక్యం ఇది: "ఇక్కడి రాళ్ళ మీద ఉన్నది ఇక్కడ ఉన్నవారెవరూ చదవలేరు."

ఆలయం సంగతి కూడా అక్కడే, ఆ ద్వారం దగ్గరే చెప్పాను. మేనల్లుడు "అయితే ఆ స్వామి ఎక్కడికి వెళ్ళాడు?" అని అడిగాడు. పెద్దమసీదు వీధి గారే వాడి చేయి పట్టుకుని, ఇదే రోడ్డులో ఇప్పుడున్న వేణుగోపాలస్వామి గుడి ఎటో చూపించారు. అక్కడికి నడిచి వెళ్ళాము. అంతే, అంతకు మించి వాడు ఏమీ అడగలేదు. గట్టు మీది మాట గారూ, మీరు గట్టిగా చెప్పి ఉండకపోతే నేను బహుశా ఆ విషయం దాటవేసేదానిని.

వీరేశలింగం గారి ఇంటి దగ్గర మా మరదలు ఎక్కువసేపు ఆగింది. కోటగుమ్మంలో రోజ్‌మిల్క్ నాన్నగారికి మధుమేహం వలన ఇవ్వకూడదు, ఆయన తాగారు. ధవళేశ్వరంలో కాటన్ విగ్రహానికి వేసిన బంతిపూల దండ అప్పటికి వాడలేదు. సంక్రాంతికి వేసినదట.

శాసనప్రియ

అమ్మా, మీ మేనకోడలి వాక్యం చదివి కొంతసేపు ఏమీ తోచలేదు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను ఒక్క విద్యార్థికి కూడా లిపి నేర్పలేదు. 11వ శతాబ్దపు తెలుగు అక్షరాలు మీరు భయపడేంత దూరపువి కావు. అప్పటికి తెలుగు, కన్నడ లిపులు ఇంకా విడిపోలేదు గనుక, కన్నడ బోర్డులు చదవగలిగినవారికి సగం పని అయినట్టే. ర, న, గ వంటివి మొదట పోల్చుకోవచ్చు. తలకట్టు ఇప్పటి రూపంలో ఉండదు, వత్తులు మాత్రం కిందనే ఉంటాయి. ఒక పట్టిక నా చేతి రాతతో తయారుచేసి ఈ చర్చలో ఉంచుతాను. అమ్మాయి వేసవిలో వస్తే ద్రాక్షారామంలో ఒక దీపదాన శాసనం కలిసి చదువుదాము. ఆ శాసనాలలో గొర్రెల సంఖ్య తరచుగా ఒకే తీరులో వస్తుంది గనుక అక్కడి నుంచే ప్రారంభించవచ్చు.

ముక్తేశ్వరం రేవు

తప్పకుండా వస్తుంది, అప్పుడే సెలవుల తేదీలు అడిగింది. మరొక సందేహం. ఆదుర్రు బౌద్ధ స్తూపం మాకు దగ్గరే గనుక వేసవిలో అక్కడికి కూడా తీసుకువెళ్ళాలని ఉంది. నాన్నగారు రాగలరా?

కోటిపల్లి పంటు

రాగలరు. మామిడికుదురు దాటి లోపలికి వెళ్ళాలి. స్థానికులను స్తూపం అని అడిగితే తెల్లబోతారు, దుబరాజు గుడి అని అడగండి. ఎక్కవలసిన మెట్లు లేవు, ఇటుక పునాదులు నేల మట్టానికి దగ్గరగానే ఉన్నాయి. నీడ తక్కువ గనుక ఎనిమిది గంటల లోపు చేరండి, తాగునీరు ఇంటి నుంచే తెచ్చుకోండి.